పౌలు పత్రికలలో తాజాకలం – ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

గలతీ పత్రికను వారం వారం వరుసగా బోధించే కాపరి సాధారణంగా ఆరవ అధ్యాయం పదవ వచనం దగ్గర ఆగిపోతాడు. ఏ విత్తనం వేస్తే ఆ పంటే చేతికి వస్తుందన్న బోధ పత్తి, మిరప పండించే మన గుంటూరు, ప్రకాశం ప్రాంతాల విశ్వాసులకు వెంటనే అందుతుంది గనుక ప్రసంగానికి అదే తగిన ముగింపు అనిపిస్తుంది. పదకొండవ వచనంలో పౌలు తన చేతి అక్షరాలను గురించి చెప్పిన మాట వచ్చేసరికి, ఇక మిగిలినవి చివరి వందనాలేనని చెప్పి ఆశీర్వాద వచనానికి వెళ్లిపోతాడు. రోమా పత్రిక పదహారవ అధ్యాయానికీ, మొదటి కొరింథీ పత్రిక చివరి అధ్యాయానికీ పట్టే గతి కూడా ఇదే. సెమినరీ తరగతులలో కాలం చాలక వదిలివేసే భాగాలు కూడా ఇవే. జెఫ్రీ వైమా అనే పండితుడు 1994లో ఈ భాగాలపై వెలువరించిన గ్రంథానికి 'నిర్లక్ష్యానికి గురైన ముగింపులు' అనే అర్థమిచ్చే పేరు పెట్టాడు. అంటే ఈ లోపం మన ఒక్కరిదే కాదు.

అయితే మన ప్రాంతపు సంఘాలకు ఈ భాగాలు ఇతరులకంటే బాగా అర్థం కావలసినవి. ఎందుకంటే ఒకరు చెప్పగా మరొకరు వ్రాసిన కాగితాల మధ్య మన పితరులు బ్రతికారు. ఉత్తరమైనా, అప్పు నోటైనా వారి మాట ఇంకొకరి చేతివ్రాతలోనే ఉండేది. పౌలు పత్రికల చివరి మాటలను ఆ అనుభవం వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ మాటలు పత్రికకు తగిలించిన తోక కావు. కలం వ్రాతగాని చేతిలోనుండి పంపినవాని చేతికి మారిన చోటు అది. పంపినవాడు మొత్తం పత్రికకు పూచీ పడేది అక్కడే. ఆ చోటును వదిలివేసి పత్రికను బోధించడం, సంతకం చూడకుండా దస్తావేజు చదవడం వంటిది.

1. 'తాజాకలం' అనే మాట

ఉత్తరం ముగించి సంతకం చేసిన తరువాత చేర్చే మాటకు తెలుగులో 'తాజాకలం' అని పేరు. 'తా.క.' అని రెండు అక్షరాలు వేసి దాని పక్కన వ్రాస్తారు. ఇదే పనికి పాశ్చాత్యులు వాడే లాటిను మాటకు 'తరువాత వ్రాయబడినది' అని అర్థం. ఆ మాట స్థలాన్ని మాత్రమే చెబుతుంది. పారసీ, ఉర్దూల ద్వారా మనకు వచ్చిన మాట అలా కాదు. 'తాజా' అంటే కొత్తది, 'కలం' అంటే వ్రాసే సాధనం. ముగించి పక్కన పెట్టిన కలాన్ని మళ్లీ సిరాలో ముంచి వ్రాసినది అని దాని భావం. లాటిను పేరును బట్టి అది మిగిలిపోయిన మాట. తెలుగు పేరును బట్టి అది కొత్తగా పుట్టిన మాట.

'కలం' అనే పదం చరిత్ర కూడా గమనించదగినది. అరబ్బీ 'కలమ్' అనే మాటకు మూలం గ్రీకులోని 'కలమొస్'. దానికి రెల్లు పుల్ల అని అర్థం. మూడవ యోహాను పత్రిక పదమూడవ వచనంలో పెద్దయైనవాడు సిరానూ కలమునూ ప్రస్తావించినప్పుడు గ్రీకులో వాడినది ఆ పదమే. ముఖాముఖిగా మాటలాడాలన్న ఆశతో అతడు కలం పక్కన పెట్టాడు. మన తాజాకలంలోని కలమూ అతడు పక్కన పెట్టిన కలమూ ఒకే మాట.

ఇంకొక పదాన్ని గురించి కూడా హెచ్చరిక అవసరం. తెలుగు బైబిలులో పౌలు వ్రాతలను 'పత్రికలు' అన్నారు. ఆ అనువాద కాలంలో ఆ మాటకు ఉత్తరం అనే అర్థం సహజమే. శుభలేఖను ఇప్పటికీ పెండ్లి పత్రిక అంటాం. కాని నేటి యౌవనస్థులకు పత్రిక అంటే వార్తలు అచ్చువేసేది. అందువల్ల 'గలతీ పత్రిక' అన్నప్పుడు ఒక మనిషి కొందరు మనుషులకు పంపిన ఉత్తరం అన్న భావం వారి మనస్సులో కలగడం లేదు. ఉత్తరమని తోచనిదానికి తాజాకలం ఉంటుందని ఎలా తోస్తుంది?

2. మన పల్లెల్లో ఉత్తరమూ నోటూ

చదువు కొద్దిమందికే పరిమితమైన రోజుల్లో మన పల్లెలలో ఉత్తరం వ్రాసిపెట్టేది బడిపంతులో, తపాలా బంట్రోతో, లేదా సంఘపు అయ్యగారో. చెప్పేవారు అరుగు మీద కూర్చుని చెప్పేవారు. వ్రాసేవారు తమకు అలవాటైన వాక్యాలు వ్రాసేవారు. పై భాగంలో క్షేమ సమాచారాలు, 'ఉభయకుశలోపరి' వంటి మాటలు, క్రైస్తవ గృహాలలోనైతే ప్రభువు నామమున వందనములు ఉండేవి. నిజం చెప్పాలంటే ఆ భాగమంతా వ్రాసినవారిదే. చెప్పినవారి మాట చివర వచ్చేది. అంతా అయిపోయి కాగితం మడవబోయేటప్పుడు, 'అయ్యగారూ, ఇంకొక్క మాట రాయండి' అని అసలు సంగతి బయటపెట్టేవారు. కూతురు కాపురం సంగతి, బిడ్డ జబ్బు సంగతి, అప్పు సంగతి అలా చివరనే వచ్చేవి.

ఈ విషయంలో నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నేను హైస్కూలులో చదువుతున్న రోజుల్లో మా పల్లెలో ఒక వృద్ధ విధవరాలికి ఉత్తరాలు వ్రాసిపెట్టేవాడిని. ఆమె కుమారుడు రైల్వే గ్యాంగు పనిలో దూర ప్రాంతంలో ఉండేవాడు. ఒకసారి నా చదువు చూపించుకోవాలన్న ఆశతో ఇన్లాండు కాగితం నిండా అలంకారపు మాటలు వ్రాశాను. అంచు వరకు నిండిన తరువాత ఆమె, 'ఇంకొక్క మాట రాయి బాబూ. మిరపకాయల కూలి డబ్బుతో నోటు బాకీ తీర్చాను. కాగితం మాత్రం తిరిగి ఇవ్వలేదు. వచ్చినప్పుడు అడిగి తీసుకోమను' అంది. 'చోటు లేదు పెద్దమ్మా, వచ్చే ఉత్తరంలో రాద్దాం' అన్నాను. 'సర్లే బాబూ' అని లేచి వెళ్లింది. వచ్చే ఉత్తరం వ్రాయకముందే ఆమె కన్నుమూసింది. నోటు బయటికి వచ్చింది. కుమారుడు ఆ బాకీ రెండవసారి కట్టాడు. 'అమ్మ నీతో ఏమీ చెప్పలేదా తమ్ముడూ?' అని అతడు నన్ను అడిగాడు. చెప్పిందని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏండ్లు పట్టింది.

ఆమె ఆ ఉత్తరంలో చెప్పదలచుకున్నది ఆ ఒక్క మాటే. మిగిలినదంతా నేను వ్రాసినది. ఆ తరువాత పౌలు పత్రికల చివరి వచనాలను దాటవేయడం నాకు సాధ్యం కాలేదు.

ప్రామిసరీ నోటు సంగతి కూడా ఇక్కడ చూడాలి. నోటులో సొమ్ము, వడ్డీ వివరాలు ఒకరు వ్రాస్తారు. అతని పేరు క్రింద 'దస్తూరి' అని ఉంటుంది. పుచ్చుకున్నవాడు రెవెన్యూ స్టాంపు మీద సంతకం చేస్తాడు. సంతకం రానివాడు వేలిముద్ర వేస్తే దాని పక్కన 'నిశాని' అని వ్రాస్తారు. కొంత సొమ్ము కట్టినప్పుడు నోటు వెనుక జమ వ్రాస్తారు. పూర్తిగా తీరితే చెల్లు వ్రాయించుకొని కాగితం వెనక్కి తీసుకోవాలి. నోటు ముందు వైపు ఎంత వ్రాసి ఉన్నా, చివరగా వెనుక వ్రాసినదాన్ని బట్టే బాకీ ఉందో లేదో తేలుతుంది. 1963 నాటి కాలపరిమితి చట్టం 19వ సెక్షన్ ప్రకారం, కొంత బాకీ కట్టినందువల్ల గడువు కొత్తగా మొదలు కావాలంటే ఆ చెల్లింపు గుర్తింపు కట్టినవాని చేతివ్రాతలో గాని, అతడు సంతకం చేసిన వ్రాతలో గాని ఉండాలి. సొంత చేతికి ఉన్న బరువును చట్టం సహితం ఒప్పుకుంటోంది.

3. మొదటి శతాబ్దపు ఉత్తరం

పౌలు కాలంలోనూ పరిస్థితి దాదాపు ఇదే. 1896–97లో గ్రెన్‌ఫెల్, హంట్ అనే ఇద్దరు ఐగుప్తులోని ఆక్సిరింకస్ వద్ద త్రవ్వకాలు మొదలుపెట్టిన నాటినుండి వేలాది పపైరస్ కాగితాలు బయటపడ్డాయి. వాటిలో సామాన్యుల ఉత్తరాలు, అప్పు పత్రాలు, రసీదులు ఉన్నాయి. చాలా ఉత్తరాలలో ప్రధాన భాగం వృత్తి వ్రాతగాని చక్కని అక్షరాలలో ఉండి, చివరి వందనం మాత్రం వేరొక చేతితో, తరచుగా వంకర అక్షరాలలో ఉంటుంది. అక్షరాలు రాని వ్యక్తి పత్రమైతే, అతనికి వ్రాయడం రాదు గనుక అతని పక్షంగా తాను వ్రాశానని వ్రాతగాడు చివరలో పేరు పెడతాడు. మన దస్తూరి, నిశానులు ఆనాటి ఐగుప్తు రైతుకు క్రొత్తవి కావు. గొప్పవారూ ఈ పద్ధతినే పాటించారు. రోమా వక్త సిసెరో తన ఉత్తరాలు ఎక్కువగా చెప్పి వ్రాయించేవాడు. తన స్నేహితుడు అట్టికస్‌కు వ్రాసేటప్పుడు తన సొంత చేతితో వ్రాసిన సంగతిని కొన్నిచోట్ల ప్రత్యేకంగా తెలియజేశాడు.

రోమా పత్రికను చేతితో వ్రాసినవాడు తెర్తియు. 16:22లో అతడే తన పేరు చెప్పుకొని వందనాలు పంపుకున్నాడు. ఇక పౌలు స్వహస్తాన్ని స్పష్టంగా పేర్కొన్న చోట్లు ఐదు: మొదటి కొరింథీ 16:21, గలతీ 6:11, కొలొస్సీ 4:18, రెండవ థెస్సలొనీక 3:17, ఫిలేమోను 19. వీటిలో రెండవ థెస్సలొనీక పత్రిక, తన చేతివ్రాతే తన ప్రతి పత్రికకు గుర్తు అని చెబుతుంది. ఆ పత్రికనూ కొలొస్సీ పత్రికనూ పౌలే వ్రాశాడా అన్న చర్చ పండితులలో ఉంది. ఆ చర్చ ఎటు తేలినా, సొంత చేతివ్రాతే అపొస్తలుని అధికారానికి గుర్తు అని ఆదిమ సంఘం ఎరిగి ఉందన్నది మాత్రం నిలుస్తుంది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. చేతివ్రాత మారిన సంగతి కాగితం చూస్తే తెలుస్తుంది కదా, దానిని మాటల్లో చెప్పడం ఎందుకు? జవాబు సులభం. ఆ పత్రికలను సంఘంలో ఒకరు చదివితే మిగిలినవారు వినేవారు. వినేవారిలో ఎక్కువమందికి అక్షరాలు రావు, కాగితం వారి చేతికి రాదు. తాను ఇప్పుడు స్వయంగా కలం పట్టుకున్నానని పౌలు చెప్పుకున్నది చదువరుల కోసం కంటే వినేవారి కోసం. తరువాత నకళ్లు తీసినవారి చేతిలో రెండు చేతుల తేడా పోయింది. అచ్చులో అక్షరాలన్నీ ఒకే సైజుకు వచ్చాయి. ఇప్పుడు ఆ తేడాను సంఘానికి వినిపించగలిగేది చదివేవాని గొంతు ఒక్కటే.

4. తాజాకలం కానివి

చివర ఉన్నదంతా తాజాకలం కాదు. ఈ వివేచన లేకపోతే మన పరిశీలన దారి తప్పుతుంది. 1611 నాటి ఆంగ్ల బైబిలులో ప్రతి పౌలు పత్రిక చివర అది ఎక్కడినుండి వ్రాయబడిందో తెలిపే ఒక చిన్న వాక్యం ఉంటుంది. అవి పౌలువి కావు, తరువాతి కాలపు నకలుదారులు చేర్చినవి. మొదటి కొరింథీ పత్రిక ఫిలిప్పీ నుండి వ్రాయబడిందని ఆ వాక్యం చెబుతుంది. కాని అదే పత్రిక 16:8లో తాను పెంతెకొస్తు వరకు ఎఫెసులోనే ఉంటానని పౌలు చెబుతున్నాడు. 1790లోనే విలియం పేలీ ఈ వాక్యాలను పరిశీలించి వీటిలో పలు పొరపాట్లు ఉన్నాయని చూపించాడు. పూచీ లేని చేయి చేర్చిన మాట ఎలా ఉంటుందో ఇవి తెలుపుతాయి.

మార్కు 16:9–20 వచనాల సంగతి వేరు. నాలుగవ శతాబ్దపు ప్రాచీన ప్రతులైన సీనాయి, వాటికన్ ప్రతులలో అవి లేవు. రోమా 16:25–27లోని స్తుతి వచనం కొన్ని ప్రతులలో పద్నాలుగవ అధ్యాయం చివర, క్రీ.శ. 200 ప్రాంతపు ఒక పపైరస్ ప్రతిలో పదిహేనవ అధ్యాయం చివర, మరికొన్నింటిలో పదహారవ అధ్యాయం చివర కనిపిస్తుంది. ఇవి సంఘం తన ఆరాధనలోనుండి పెంచుకున్న ముగింపులని చాలామంది పండితులు భావిస్తారు. వీటికి విలువ లేదని కాదు. ఎవరి చేయి ఏదో తెలిసి చదవాలన్నదే ఇక్కడి మాట.

5. గలతీ 6:11–18: పెద్ద అక్షరాలు

పదకొండవ వచనాన్ని ఆ ఆంగ్ల అనువాదం పౌలు పెద్ద ఉత్తరం వ్రాశాడన్నట్లు అనువదించింది. మన తెలుగు బైబిలు ఇక్కడ మూలానికి దగ్గరగా ఉంది. పెద్దవి అక్షరాలే గాని ఉత్తరం కాదు. మరి అవి ఎందుకు పెద్దవి? నొక్కి చెప్పడానికని 1865లో లైట్‌ఫుట్ వ్యాఖ్యానించాడు. పపైరస్ కాగితాలతో క్రొత్త నిబంధనను పోల్చి చూసిన డైస్మాన్, డేరాలు కుట్టి బిరుసెక్కిన కార్మికుని చేతికి వ్రాయడం సులువైన పని కాదని భావించాడు. కంటిచూపు మందగించిందని చెప్పేవారూ ఉన్నారు.

వీటిలో ఏదో ఒక్కటే నిజమని తేల్చలేం. అయితే డైస్మాన్ మాటను మన ప్రాంతంలో ఎవరికీ వివరించనక్కరలేదు. మిరపకోతల్లో రోజంతా మండిన వేళ్లు, పత్తి తీసేటప్పుడు కాయ మొనలు గీరుకున్న వేళ్లు రాత్రి బడిలో పలక పట్టుకొని వ్రాసిన అక్షరాలు ఎలా ఉంటాయో మనకు తెలుసు. గీత దాటి, పలక నిండా వస్తాయి. పౌలు ఆ అక్షరాలను దాచుకోలేదు. చూడమన్నాడు.

ఆ అక్షరాలలో అతడు వ్రాసినదేమిటి? సున్నతి చేయించుకొమ్మని బలవంతపెట్టేవారి అసలు ఉద్దేశం హింస తప్పించుకోవడమేనని బయటపెట్టాడు. తనకు సిలువ తప్ప అతిశయ కారణం లేదన్నాడు. సున్నతి ఉన్నా లేకున్నా లెక్కలోనికి వచ్చేది నూతన సృష్టి అన్నాడు. చివరకు తన దేహం మీది గుర్తులను చూపించాడు. ఆరు అధ్యాయాల వాదన ఎనిమిది వచనాలలో తిరిగి వచ్చింది. పత్రిక మొత్తాన్ని అర్థం చేసుకోవడానికి ఈ భాగమే తాళపుచెవి అని హాన్స్ డీటర్ బెట్స్ 1979లో తన వ్యాఖ్యానంలో వ్రాశాడు. నేను ఇంకొక మాట చేరుస్తాను. ఇతరుల శరీరం మీద గుర్తు వేసి అతిశయించాలనుకునేవారికి పౌలు ఇచ్చిన జవాబు రెండు గుర్తులు: కాగితం మీద తన చేతివ్రాత, దేహం మీద తన గాయాలు. రెండూ అతనివే. మరొకరి ఒంటిని పణంగా పెట్టినవి కావు.

పదవ వచనం దగ్గర ఆగిపోయే ప్రసంగం ఈ తాళపుచెవిని పోగొట్టుకుంటుంది. విత్తనం, పంట అన్న బోధ ఒక్కటే మిగిలితే, పంట పోయిన రైతు తానే ఏదో పాపం విత్తానని తలదించుకొని ఇంటికి వెళ్తాడు. 1987–88లో మన రెండు జిల్లాల పత్తి చేలను తెల్లదోమ నాశనం చేసినప్పుడు అప్పులపాలై ప్రాణాలు తీసుకున్న రైతులున్నారు. వారి కుటుంబాలు కూర్చున్న సంఘంలో సిలువ మాట వరకు చదవకుండా ఆగడం చిన్న లోపం కాదు.

6. ఫిలేమోను 19: అంకె వేయని నోటు

ఫిలేమోను పత్రికలో పౌలు కలం పట్టుకున్నది అప్పు విషయమై. ఒనేసిము యజమానికి నష్టం కలిగించి ఉన్నా, ఋణపడి ఉన్నా దానిని తన లెక్కలో వేయమని 18వ వచనంలో చెప్పాడు. వెంటనే తన పేరు వ్రాసి, తన స్వహస్తంతో, తానే తీరుస్తానని వ్రాశాడు. ఇది వందనం కాదు, పూచీకత్తు. ఆనాటి అప్పు పత్రాలలో బాకీదారుడు తన చేతితో వ్రాసిచ్చే మాట ఈ తరహాలోనే ఉంటుంది.

కొందరు విమర్శకులు ఈ వాగ్దానాన్ని తేలికగా తీసుకున్నారు. ఫిలేమోను తనకు తన్ను తానే ఋణపడి ఉన్నాడని పౌలు ఆ వచనంలోనే గుర్తుచేశాడు గనుక, ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకున్నాడని, ఇది మాటకారితనమేనని వారి వాదం. ఈ వాదంలో కొంత నిజం లేకపోలేదు. పౌలు ఫిలేమోనును ఒత్తిడి చేస్తున్న మాట వాస్తవం. కాని వారు ఒక సంగతి గమనించలేదు. ఈ నోటులో అంకె లేదు. ఎంత బాకీయో అది ఫిలేమోనే వేసుకోవాలి.

అంకె వేయని నోటు అంటే ఏమిటో మన ప్రాంతపు రైతుకు తెలిసినంతగా వ్యాఖ్యాతలకు తెలియదు. ఎరువులకూ పురుగుమందులకూ అప్పు పుట్టనప్పుడు ఖాళీ నోటు మీద సంతకం పెట్టి బయటపడిన కౌలు రైతులు మన సంఘాలలోనే ఉన్నారు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షన్ ప్రకారం, స్టాంపు కాగితం మీద సంతకం చేసి ఖాళీగా అప్పగిస్తే, ఆ స్టాంపు సరిపోయేంత మేరకు పూర్తిచేసుకునే అధికారం పుచ్చుకున్నవానికి దక్కుతుంది. అందుకే ఖాళీ నోటు ఇచ్చినవానికి రాత్రి నిద్ర పట్టదు. పౌలు అటువంటి నోటును ఇచ్చాడు. తన అవసరం కోసం కాదు, ఒక దాసుని కోసం. ఇచ్చేనాటికి చెరసాలలో ఉన్నాడు.

ఈ ధైర్యం ఎక్కడనుండి వచ్చింది? కొలొస్సీ 2:14లో మన మీద ఋణంగా ఉన్న పత్రాన్ని దేవుడు సిలువకు కొట్టి తీసివేశాడన్న బోధ ఉంది. అక్కడి గ్రీకు పదానికి చేతితో వ్రాసి ఇచ్చిన అప్పు పత్రమనే అర్థం ఉంది. ఒనేసిము, అర్ఖిప్పు, ఎపఫ్రా మొదలైన పేర్లు ఈ రెండు పత్రికలలోనూ కనిపిస్తాయి గనుక వీటిని కలిపి చదవడం న్యాయమే. తన నోటు చెల్లు అయినవాడు ఇంకొకని నోటు మీద సంతకం పెట్టాడు. సిద్ధాంతం కొలొస్సీ పత్రికలో ఉంది, చేవ్రాలు ఫిలేమోను పత్రికలో ఉంది. సిద్ధాంతాన్ని మాత్రమే బోధించి చేవ్రాలును వదిలేస్తే మన బోధ ఖర్చులేనిదవుతుంది.

7. మన సంఘ చరిత్రలో కలం ఎవరిది?

కలం ఎవరి చేతిలో ఉంది అన్న ఈ ప్రశ్నను మన సంఘ చరిత్రకు కూడా వేయాలి. 1866లో జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడ్డాడు. అదే ఏడు యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందాడు. 1876–78 కరువు కాలంలో బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకపు పని వేలమందికి కూడు పెట్టింది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంగతులు మనకు ప్రధానంగా తెలిసినది క్లౌ మరణించిన నాలుగేండ్లకు, 1914లో వెలువడిన అతని గ్రంథం వల్ల. అందులో 'నేను' అని మాటలాడేది క్లౌ. కాని అతని కోసం దానిని వ్రాసినది భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ అని ఆ పుస్తకపు మొదటి పుటే చెబుతుంది. తెర్తియు పేరు చివర ఉంటే, ఆమె పేరు మొదట ఉంది. దస్తూరిని దాచకపోవడం మెచ్చుకోదగినది.

అయితే ఆ కథలోని మూడవ చేయి ఎక్కడ? పేరయ్య వంటి మాదిగ బోధకులు ఊరూరా తిరిగి చెప్పకపోతే ఆ 2,222 మంది నది ఒడ్డుకు వచ్చేవారు కారు. వారు చెప్పారు, క్లౌ విన్నాడు, ఎమ్మా వ్రాసింది. వారి స్వహస్తం మాత్రం ఆ గ్రంథంలో లేదు. మిషనెరీలను నిందించడం ఇక్కడ ఉద్దేశం కాదు; వారు వ్రాయకపోతే ఈపాటి కూడా మిగిలేది కాదు. కాని చరిత్ర అనే ఆ ఉత్తరం చివర మన పితరులు చెప్పదలచిన 'ఇంకొక్క మాట' వ్రాయబడలేదన్నది గుర్తించాలి. దానిని వ్రాయవలసినవారు నేటి సంఘాలవారే. ఫాదర్ హెయర్ 1842లో గుంటూరుకు వచ్చిన నాటినుండి పెరిగిన లూథరన్ సంఘాల విషయంలోనూ ఇదే పని మిగిలి ఉంది. వృద్ధ విశ్వాసుల సాక్ష్యాలను వారి మాటల్లోనే నమోదు చేసి, వారికే చదివి వినిపించి, వారి చేతి గుర్తు తీసుకునే పరిశోధనకు సెమినరీ విద్యార్థులు పూనుకుంటే అది నిజమైన తాజాకలం అవుతుంది.

ముగింపు

పై పరిశీలన నుండి కాపరులు ఆచరించదగిన సంగతులు మూడు. మొదటిది, పత్రికను బోధించేటప్పుడు చివరి వచనం వరకు బోధించాలి. గలతీ పత్రికను వరుసగా బోధించేవారు 6:11–18కి ఒక ఆదివారం పూర్తిగా కేటాయించాలి. రెండవది, లేఖన పఠనం చేసేవారు పౌలు కలం పట్టుకున్న చోట ఒక్క క్షణం ఆగి, గొంతు మార్చి చదవాలి. వినేవారికి ఇప్పుడు వేరొక చేయి వ్రాస్తోందని తెలియాలి.

మూడవది మన పరిచర్యకు సంబంధించినది. ఇప్పుడు ఇన్లాండు ఉత్తరాలు వ్రాయించుకునేవారు అరుదు. కాని పంట నష్టపు అర్జీ, పింఛను దరఖాస్తు, బ్యాంకు కాగితం, ఫోనులో పంపే సందేశం వ్రాసిపెట్టమని అయ్యగారి ఇంటికి వచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. వారికి వ్రాసిపెట్టేటప్పుడు కాగితం నిండా మన మాటలు నింపకూడదు. వ్రాసినది చదివి వినిపించాలి. 'ఇంకేమైనా చెప్పాలా?' అని అడగాలి. అడిగిన తరువాత జవాబు వచ్చేవరకు ఆగాలి. సంతకం వచ్చినవారైతే అక్షరాలు ఎంత వంకరగా ఉన్నా వారి చేతనే పెట్టించాలి. కాగితం అడుగున ఆ పెద్ద అక్షరాలకు చోటు వదలాలి.